మసిరాజు కొమ్ములు

మా అమ్మ దినాలు అయిపోయాక ఆమె ట్రంకుపెట్టె నేనే తీశాను. అందులో ఏముంటుందో నాకు తెలుసనుకున్నాను. నాలుగు చీరలు, సత్రంలో పనిచేసేటప్పుడు వేసుకున్న నీలం జాకెట్లు రెండు, మా నాయన గోడల మీద గీతలు గీయడానికి చెవి సందున పెట్టుకునే పెన్సిలు ముక్క. ఇవన్నీ ఉన్నాయి. అడుగున ఒక బిస్కెట్ల రేకుడబ్బా కూడా ఉంది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఆ డబ్బా మా తమ్ముడు గిరిది. వాడు పోయిన రోజే దాన్ని ఎవరో బయట పారేశారని ఇన్నేళ్లూ అనుకుంటున్నాను.

నేను అయిదో తరగతి దాకానే చదివాను. జాకెట్ల కొలతలు రాసుకోవడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో కూడా సరిగ్గా తెలియదు. కానీ ఆ డబ్బాలో దొరికినదాని గురించి ఎవరికీ నోటితో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

డబ్బా నిండా అట్టలు. మా చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో వచ్చేవి, అరచేతిలో పట్టేంత. ఒక్కో అట్ట మీద ఒక్కో వింత జంతువు బొమ్మ. నిప్పులు కక్కే తాబేలు, తోకకు దీపం ఉన్న ఉడుత, మూడు కళ్ల కప్ప, అట్లాంటివి. అవన్నీ ఒక ఆటలోవి. ఆ జంతువుల్ని ఒక్కొక్కటే పట్టుకుని పోగు చేసుకోవడమే ఆట. టీవీకి తగిలించి ఆ ఆట ఆడే పెట్టె మా వీధిలో ఎవరి దగ్గరా లేదు. దాని బొమ్మల సినిమా మాత్రం టీవీలో హిందీలో వచ్చేది. పక్కింటి కిటికీలోంచి నేనూ గిరీ చూసేవాళ్లం. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని కథంతా గిరే అల్లేవాడు. ఆ జంతువులన్నిటికీ ఒక శత్రువు ఉన్నాడు. నల్లగా కొండంత ఒళ్లు, వెండి కొమ్ములు, గబ్బిలం రెక్కలు, ఎర్రటి కళ్లు. వాడు వస్తే లోకంలో వెలుతురంతా ఆరిపోతుంది, మిగతా జంతువులన్నీ పడి నిద్రపోతాయి. వాడి అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది. మాకు నోరు తిరగలేదు. గిరి వాడికి మసిరాజు అని పేరు పెట్టాడు.

మేం తిరుపతిలో గంగమ్మ గుడికి నడిచిపోయేంత దూరంలో, ఒక సందులో ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్లం. నాయన ఇళ్లకు సున్నాలు, పెయింట్లు వేసే పని. వారం పని దొరికితే చంద్రగిరి వైపో పూతలపట్టు వైపో పోయి అక్కడే పడుకుని వచ్చేవాడు. ఆయన ఇంట్లోకి వస్తే ముందు టర్పెంటైను వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. అన్నం తినేముందు కిరసనాయిలు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునేవాడు. అమ్మ యాత్రికుల సత్రంలో గదులు ఊడ్చేది, దుప్పట్లు ఉతికేది. తెల్లారకముందే లేచి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, కొంగు బిగించుకుని పోయేది.

మా ఇంట్లో రెండు గిన్నెలు వేరుగా ఉండేవి. గిరికి మూత్రపిండాల జబ్బు. ఉన్నట్టుండి ముఖం ఉబ్బేది, కళ్లు గీతల్లా అయిపోయేవి, కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉండిపోయేది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఉప్పు ముట్టనివ్వద్దని చెప్పింది. అందుకని వాడి సంగటి వేరు, వాడి పప్పు వేరు. ఉప్పులేని పప్పుకు ఒక వాసన ఉంటుంది. తడిసిన గోడ వాసన లాంటిది. నా పెళ్లయ్యాక కూడా ఎప్పుడైనా పప్పులో ఉప్పు మరిచిపోతే ఆ వాసనకు నేను పొయ్యి ఆర్పేసి బయటికి వచ్చేసేదాన్ని. వాడిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరుండాలి కాబట్టి అయిదుతో నా బడి మానిపించారు. నాకేం బాధ కలగలేదు. బడికన్నా గిరి కథలే బాగుండేవి.

ఉప్పు తినకూడని పిల్లవాడికి చిప్స్ అట్టలు ఎక్కడివంటే, అమ్మ తెచ్చేది. సత్రంలో గది ఖాళీ చేసి పోయినవాళ్లు మంచాల కింద ఏవేవో వదిలేసి పోతారు. సబ్బు ముక్కలు, ఒంటి చెప్పులు, పిల్లకాయల బొమ్మలు. పిల్లలకు గుండు కొట్టించేటప్పుడు ఏడవకుండా చిప్స్ ప్యాకెట్లు ఇప్పించేవాళ్లట. అట్టలు అక్కడే పడుండేవి. అమ్మ ఊడ్చేటప్పుడు వాటిని ఏరి, కొంగున ముడి వేసుకుని తెచ్చేది. సాయంత్రం ఆమె గడపలో కూర్చుని ముడి విప్పుతుంటే గిరి పిల్లిలా దగ్గరికి జరిగేవాడు.

"ఏరా, ఈ పొద్దు ముగ్గురొచ్చినారు మీవోళ్లు" అనేది అమ్మ.

"నల్లోడు వచ్చినాడా మా?"

"నల్లోడు రాలేదు నాయనా. గుడ్లగూబోడొకడు, ఇద్దరు కప్పలు."

"కప్ప ఉండాది కదమ్మా నాకాడ. ఎన్ని కప్పలు తెస్తావు?"

"వాళ్లు పారేసేదే కప్పలు రా. నల్లోణ్ని ఎవురు పారేస్తారు?"

నిజమే. మసిరాజు ఒక్కడే రాలేదు. డబ్బాలో అన్నీ వరసగా పేర్చి, చివర మసిరాజు కోసమని వేలెడంత ఖాళీ వదిలేవాడు. ఆ సందులో ఇంకో అట్ట పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి అడిగాను, అంత మంచి మంచి జంతువులుంటే ఆ రాక్షసుడు నీకెందుకురా అని. "వానికి సూది దిగదక్కా" అన్నాడు. "ఎంత పెద్ద డాక్టరొచ్చినా వాని తోలులో సూది దిగదు."

ఆ ఏడు ఎండలు మొదలవకముందే గిరికి బాగా ఎక్కువైంది. అప్పుడు అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. బిడ్డ ముఖం వాపు తీస్తే జాతరలో తోటి వేషం వేయిస్తానని. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా ఊళ్లో జాతరప్పుడు రోజుకొక వేషం. ఒకరోజు నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద, నామం కొమ్ము పూసుకుంటారు, ఒకరోజు కుంకుమ. తోటి వేషం రోజు ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని, మెడలో నిమ్మకాయల దండ వేసుకుని గుడికి పోతారు. వెనకటికి ఆడవాళ్లను చెరిచే పాలెగాడొకడు ఉండేవాడట. గంగమ్మ వాణ్ని చంపబోతే పారిపోయి దాక్కున్నాడట. వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం వేసుకుని వీధులన్నీ తిరిగిందట. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగా ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడట. అక్కడే తల నరికింది. ఈ కథ మాకు ఏటా పక్కింటి మునెమ్మవ్వ చెప్పేది, అంబలి లోటాల్లో పోస్తూ. నాకూ గిరికీ కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

మందులకో మొక్కుకో, ముఖం వాపు దిగింది. జాతర నాటికి గిరి కళ్లు గిరి కళ్లలా ఉన్నాయి. తోటి వేషం రోజు అమ్మకు సెలవు దొరకలేదు, నాయన ఊళ్లో లేడు. అమ్మ పొద్దున్నే బొగ్గు మెత్తగా నూరి, నూనెలో కలిపి గిన్నెలో పెట్టింది. నిమ్మకాయల దండ గుచ్చింది. వేపమండలు తడిగుడ్డ కింద పెట్టింది. పోతూ పోతూ గడపలో నిలబడి నాతో చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. "పద్మా, బొగ్గు పూసేటప్పుడు కండ్లల్లో పడకుండా సూడు. గుడికాడ మొక్కించుకుని రా. మర్సిపోవాకు, నా బిడ్డ పానం మే అది."

బొగ్గు పూశాను. వాడికి గిలిగింతలు. పొట్ట మీద పూస్తుంటే మెలికలు తిరిగి నవ్వాడు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. తర్వాత మంచం కిందికి దూరి ఒక మూట లాగాడు. క్యాలెండరు అట్టతో చేసిన రెండు కొమ్ములు, నాయన డబ్బాలో అడుగున మిగిలిన వెండి రంగు పూసినవి. పాత గొడుగు గుడ్డ కత్తిరించి చేసిన రెక్కలు. ఎన్ని రోజుల్నించి చేస్తున్నాడో, పొద్దంతా ఇంట్లో ఉండే నాకే తెలియదు.

"అక్కా, ఎట్లాగూ నల్లగా ఉండాను గదా. ఇవి కట్టు."

"వొద్దురా. అమ్మ తిడతాది. వేపాకు కట్టుకోవల్ల."

"వేపాకు రెక్కల కింద కనపడదులే. ఒక్క దినమే అక్కా. ఈ ఒక్క దినం నేను మసిరాజు."

"నిమ్మకాయలు?"

"మసిరాజు మెళ్లో నిమ్మకాయలేందే! నగుతారు."

కట్టాను. కట్టకూడదని నాకు తెలియదు. అదీ పూర్తి నిజం కాదు. ఎక్కడో కొంచెం తెలుసు. కానీ ఆ రోజు వాడి మొఖం చూస్తే ఎవరైనా కట్టేవాళ్లు. దండ తీసి గూట్లో పెట్టాను. వేపమండలు కూడా సగం సగమే కట్టాను, రెక్కలు నలిగిపోతాయని.

వీధిలో గిరి నడుస్తుంటే జనం పక్కకు జరిగారు. జాతరలో వేషం వేసినవాళ్లు ఎవర్ని ఏమి తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని నా తమ్ముడు టీకొట్టు ముందు నిలబడి, "రేయ్ మీసాలోడా, నీ దీపం ఆర్పేస్తా!" అని అరిచాడు. టీకొట్టాయన పడీ పడీ నవ్వాడు. "ఎవుర్రా అబ్బా ఈ కొత్త దెయ్యం! యాడ పుట్టినావురా?" అన్నాడు. "సీకట్లో!" అన్నాడు గిరి. వాడి గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. జబ్బు పిల్లవాడని ఎవరూ అనలేదు. అయ్యో అని ఎవరూ చూడలేదు. నేను వాడి వెనకాల రెక్కలు పట్టుకుని నడుస్తూ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ రాలేదు. అది రాసేటప్పుడు కూడా భయంగానే ఉంది.

గుడి దగ్గర వరసలో నిలబడ్డాం. ఇంకో పదిమంది అయితే లోపలికి పోతాం. అప్పుడు మునెమ్మవ్వ మొక్కుకుని బయటికొస్తూ మమ్మల్ని చూసింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఒమే పద్మా, ఏం యాసమే ఇది?"

"తోటి వేషం అవ్వా."

"తోటి యాసానికి కొమ్ములుంటాయా? ఎవుడు వీడు?"

నేను చెప్పేలోపలే గిరి రొమ్ము విరిచి చెప్పాడు. "మసిరాజు అవ్వా. అందర్నీ చంపేసేవోడు. వాణ్ని ఎవురూ పట్టుకోలేరు."

అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. మెల్లగా మాట్లాడుతున్నాననే అనుకుంది పాపం. ఆమెకు చెవుడు. పదిమందికి వినిపించింది.

"నీకు మతుండాదా మే? ఇన్ని దినాల్నించి ఆయమ్మ యాసాలు మార్చి మార్చి ఎవుర్ని ఎతుకుతాండాది? మనం ఎయ్యాల్సింది ఆయమ్మ యాసం. వాని యాసం కాదు. కొమ్ములు పెట్టి, రెక్కలు కట్టి, నీ తమ్ముణ్ని పాలెగాణ్ని జేసి ఆయమ్మ కండ్ల ముందర నిలబెడతావా?"

నేను తిరిగి చూసేసరికి గిరి కొమ్ములు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. బొగ్గు ముఖంలో కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. "ఇంటికి పోదామక్కా" అన్నాడు.

లోపలికి పోలేదు. పోవాల్సింది. కొమ్ములూ రెక్కలూ అక్కడే పారేసి, వేపాకు నోట కరిచి, ఉన్న బొగ్గుతోనే పోయి మొక్కించి ఉంటే సరిపోయేది. ఇప్పుడు తెలుస్తోంది. పన్నెండేళ్ల నాకు అప్పుడు ఆ గుడి వాకిలి నోరు తెరుచుకున్నట్టు కనబడింది. వాణ్ని చంకనేసుకుని ఇంటికి పరుగెత్తాను. నూనె రాసి బొగ్గు కడిగేశాను. మరుసటి రోజు పోదామంటే అది దొర వేషం రోజు. తోటి వేషం వెళ్లిపోయింది. వచ్చే ఏడు చూసుకుందాం లెమ్మని మునెమ్మవ్వే అంది, మీ అమ్మతో చెప్పనులే అని కూడా అంది.

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"పోయొచ్చినారా?"

"పోయొచ్చినాం మా."

"బాగా మొక్కినాడా?"

"మొక్కినాడు."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది. ఆమె ముఖం అంత తేలిగ్గా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. గూట్లో నిమ్మకాయల దండ ఉంటే, పూజారి తిరిగి ఇచ్చాడని ఇంకో అబద్ధం చెప్పాను. ఆ నిమ్మకాయలతో అమ్మ ఊరగాయ పెట్టింది. ఉప్పు వేసి మాకు, ఉప్పు లేకుండా నాలుగు ముక్కలు గిరికి.

వానలు మొదలయ్యేసరికి వాపు తిరిగొచ్చింది. ఈసారి పొట్ట కూడా ఉబ్బింది. పెద్దాసుపత్రిలో కిటికీ పక్కన మంచం ఇచ్చారు. అమ్మ పగలు పనికి పోక తప్పేది కాదు. నేను పక్కన కూర్చునేదాన్ని. డబ్బా వాడి దిండు కింద ఉండేది. కానీ తీయమనేవాడు కాదు. కథలు మానేశాడు. కిటికీ బయట ఎవరైనా ఆడమనిషి ఎర్రచీరతో పోతుంటే ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. అది నేను ఒక్కదాన్నే చూశాను. ఒకరోజు మధ్యాహ్నం, నర్సమ్మ సూది వేసి పోయాక, నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి వేళ్లు కూడా ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నేను పాలెగాణ్ని కాదు గదా?"

"కాదురా. నువ్వు గిరివి."

"ఆయమ్మకు తెలుసా?"

"తెలుసు."

"నువ్వు పోయి చెప్పక్కా. ఆట ఆడినానని చెప్పు. ఊరికే ఆట అని."

"చెప్పినాలేరా. నిన్ననే పోయి చెప్పినా."

చెప్పలేదు. పోలేదు. నాకు ఆ గుడి వైపు పోవడమంటేనే భయం. చెప్పినా అన్నాక వాడు కొంచెం సర్దుకుని పడుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత పోయాడు. పొద్దున, అమ్మ ఇంకా సత్రంలో ఉండగా.

మూత్రపిండాలు చెడిపోతే ఎవరూ ఏమీ చేయలేరని నాకు తెలుసు. అప్పట్లో డాక్టరమ్మ చెప్పింది, తర్వాత నేనూ నలుగురిని అడిగి తెలుసుకున్నాను. కొమ్ములకూ జబ్బుకూ సంబంధం లేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. చెప్పుకున్న ప్రతిసారీ తల ఒప్పుకుంటుంది. కడుపు ఒప్పుకోదు. వాడు చచ్చిపోవడం ఒకటి. భయపడుతూ చచ్చిపోవడం ఒకటి. మొదటిది నా వల్ల కాదు. రెండోది నా వల్లే.

అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్దామని నాలుగైదుసార్లు పోయాను. ఒకసారి ఆమె దుప్పట్లు మడత పెడుతోంది, ఒకసారి నిద్రపోతోంది, ఒకసారి మనవణ్ని ఎత్తుకుని ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి. చివరికి ఆమెకే మాట పడిపోయింది.

ఇప్పుడు డబ్బా సంగతి. అట్టలన్నీ గిరి పేర్చినట్టే ఉన్నాయి. చివర వేలెడంత ఖాళీ లేదు. అక్కడ ఒక చిన్న కాగితం పొట్లం ఉంది, గుడిలో కుంకుమ కట్టిచ్చే పొట్లం. విప్పాను. లోపల మసిరాజు. నల్లని ఒళ్లు, వెండి కొమ్ములు, మూలల్లో కుంకుమ అంటి ఉంది.

గిరి ఉన్నప్పుడు అది లేదు. ఉంటే నాకు చూపించకుండా ఒక్క నిమిషం ఉండేవాడు కాదు. అంటే వాడు పోయాక ఎప్పుడో, ఏదో గదిలో, మంచం కింద అమ్మకు దొరికింది. ఊడుస్తూ వంగి, దాన్ని చూసి, అమ్మ ఏం చేసి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకోవాలని చూశాను. చీపురు కింద పెట్టిందా? కూర్చుందా? కొంగున ముడి వేసుకుని ఇంటికి తెచ్చి, ఎవరి ముందు విప్పింది? ఆ కుంకుమ ఏ గుడిది? దాన్ని తీసుకుని గంగమ్మ దగ్గరికి పోయిందా? మునెమ్మవ్వ మాట తప్పి ఆమెకు అంతా చెప్పేసిందా? అమ్మకు తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదా? అడగడానికి అవ్వా లేదు, అమ్మా లేదు.

మా అబ్బాయి హేమంత్ నా వెనకే నిలబడి చూశాడు. పద్నాలుగేళ్లు వాడికి.

"మా, ఇది నీకాడ ఎట్లా ఉండాది! వీడు ఇప్పుడు గూడా ఉన్నాడు, నా ఫోన్లో."

"వీణ్ని ఎవురూ పట్టుకోలేరంట కదా" అన్నాను.

"అది పాత ఆటలో మా. ఇప్పుడు వీడు అంత విలన్ ఏం కాదు. ఆట ఎక్కించుకుంటే చాలు, ఫ్రీగా ఇచ్చేస్తారు. మన వెనకాల కుక్కపిల్ల మాదిరి తిరగతాడు." రెండు నిమిషాల్లో తెచ్చి చూపించాడు. ఫోన్ కెమెరాలోంచి చూస్తే మసిరాజు మా వంటింటి గచ్చు మీదే నిలబడి ఊపిరి తీస్తున్నాడు. ఒక పిల్లవాడు ప్రాణమంతా పెట్టి ఎదురుచూసినవాడు, ఇప్పుడు అడగకపోయినా వస్తున్నాడు. వాడి పక్కన హేమంత్ వేలు పెడితే తోక ఊపాడు. నాకు ఏడుపు రాలేదు. నీరసం వచ్చింది.

ఆ రోజే హేమంత్‌కు వాడి మామ గురించి కొంచెం చెప్పాను. జబ్బు గురించి, అట్టల గురించి. కొమ్ముల సంగతి చెప్పలేదు. వాడు మంచి పిల్లోడు. మరునాడు బడి నుంచి వచ్చి, "మా, నీకొకటి చూపిస్తా" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. మసిరాజు నిలబడి ఉన్నాడు. తల మీద, కొమ్ముల మధ్య, తెల్లటి అక్షరాలతో పేరు. గిరి.

"మామ పేరు పెట్టినా మా. బాగుందా?"

"తీసెయ్."

"ఎందుకు మా?"

"తీసెయ్ నాయనా. ఆ పేరు వానికి వొద్దు."

"ఈ ఆటలో ఒక్కసారే పేరు పెట్టేదానికయ్యేది మా. మార్చేదానికి రాదు. వొద్దంటే వీణ్నే పూర్తిగా తీసేయాల. తీసేస్తే మళ్లీ ఇయ్యరు." వాడి వేలు ఆ గుర్తు మీద ఆగి ఉంది. "తీసేసేదా?"

నేను ఫోన్లో మసిరాజు ఎర్రటి కళ్లను చూశాను. తీసెయ్ అనడానికి నోరు రాలేదు. ఉండనీ అనడానికీ రాలేదు. వాడే ఫోన్ జేబులో పెట్టుకుని ఆడుకోవడానికి పోయాడు.

ఈ ఏడు జాతర వచ్చింది, ఆయమ్మ మళ్లీ వేషాలు మార్చి వాణ్ని వెతికే రోజులు. చాటింపు వేసిన రోజు నేను హేమంత్‌ను బతిమాలి, ఫోన్ ఆపేసి, గిరి అట్టల డబ్బాతో పాటు బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. పైన బియ్యం పోశాను. తిక్కదానివి మా నువ్వు అని నవ్వాడు వాడు. నవ్వనీ. బొగ్గు పూసుకున్న పిల్లకాయలు మా సందులో అరుచుకుంటూ పోయారు. దొర వేషం రోజు డప్పులు మా గడప ముందే ఆగాయి, చాలాసేపు ఆగాయి. నేను తలుపు తీయలేదు. బియ్యం డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను. దాచి లాభం లేదని నాకు తెలుసు. దాచాల్సిన రోజు నేనే గిరికి కొమ్ములు కట్టి వీధిలోకి తీసుకుపోయాను.